మూత తీయని విమానం

మా సంస్థకు కొత్తగా వచ్చిన ఎం.డి. త్రివిక్రమరావు గారు మొదటి నెల అంతా ఏ నిర్ణయమూ తీసుకోలేదు. కూర్చుని చదివారు. కొత్తగా వచ్చిన ప్రతి అధికారీ ముందు గదికి రంగు వేయించడం, తరువాత బల్ల జరిపించడం మాకు అలవాటు. ఈయన ఆ రెండూ చేయకుండా చదువుతూ కూర్చోవడంతో అందరికీ లోలోపల భయం పట్టుకుంది.

మాది కళింగ గగన సేవా సంస్థ. విశాఖపట్నం నుంచి విజయవాడకూ, తిరుపతికీ, హైదరాబాదుకూ మూడు చిన్న విమానాలు నడిపేవాళ్ళం. వాటికి మా ప్రాంతపు నదుల పేర్లు పెట్టారు: నాగావళి, వంశధార, శారద. నేను ఆ సంస్థలో అధికార భాషా విభాగం. విభాగంలో పనిచేసేవాణ్ణి అని చెప్పడం లేదు. విభాగమంతా నేనే. ఇంగ్లీషులో పుట్టిన ఉత్తర్వులను తెలుగులోకి మార్చి, ఇంగ్లీషులోనే నయమని అందరిచేతా అనిపించడం నా ఉద్యోగం.

నెల తరువాత ఎం.డి. గారు సమావేశం పెట్టారు. ఆయన చేతిలో గత ఏడాది మా విమానాల్లో బయటపడ్డ లోపాల నివేదిక ఉంది. అక్కడ ఏం జరిగిందో చెప్పేముందు విమానం సంగతి కొంచెం చెప్పాలి. ప్రయాణికులకు విమానానికి ఒక తలుపే తెలుసు, తాము ఎక్కేది. నిజానికి దాని ఒంటినిండా తలుపులూ మూతలే. కుడివైపు భోజనం ఎక్కించే సర్వీస్ డోర్ ఉంటుంది. అడుగున నీళ్ళు నింపడానికొకటి, మరుగుదొడ్డి తొట్టి ఖాళీ చేయడానికొకటి ఉంటాయి. రెక్కల కింద, పొట్ట కింద, ఇంజను చుట్టూ మరలతో బిగించిన రేకు మూతలు ఉంటాయి. వాటిని విప్పితే లోపల తీగలూ, గొట్టాలూ, మెకానిక్కులకు తప్ప ఎవరికీ పేర్లు తెలియని వస్తువులూ కనబడతాయి. ఇంజనీర్లు వాటిని ప్యానెల్స్ అంటారు. మెకానిక్కులు మూతలంటారు.

ఎం.డి. గారు కళ్ళజోడు సవరించుకుని మొదలుపెట్టారు.

"గత సంవత్సరం మన విమానములయందు కనుగొనబడిన దోషములన్నియు తెరిచిన మూతల వెనుకనే కనుగొనబడినవి. మూసి ఉన్న మూత వెనుక ఒక్క దోషమైనా కనుగొనబడినదా? సూటిగా సమాధానం చెప్పవలసినదిగా కోరుచున్నాను."

అందరూ విమానాలు బాగుచేసే షెడ్డు, అదే హేంగర్‌కు చీఫ్ ఇంజనీరైన దమయంతి గారి వైపు చూశారు. ఆమెది ఆమదాలవలస. విమానం ఎగరడానికి యోగ్యమైనదని సంతకం పెట్టేది ఆమే. ఆ సంతకం లేకపోతే విమానం రన్‌వే దాకా కూడా వెళ్ళదు.

"లేదు సార్. మూసుంటే ఎలాగ కనబడతాది?" అంది ఆమె.

"నేను అడుగుచున్నది అదే. ఎందుకు కనబడలేదు?"

"మూసుంది కాబట్టి."

"ధన్యవాదములు," అని ఎం.డి. గారు స్టెనో వైపు తిరిగి, "చీఫ్ ఇంజనీరు గారు అంగీకరించినట్లు నమోదు చేయుడు," అన్నారు.

ఆయన అంతకుముందు పాల సరఫరా సంస్థలో పనిచేసి వచ్చారు. అక్కడ డబ్బాల మూతలు తరచుగా తీయడంవల్లే పాలు చెడిపోతున్నాయని కనిపెట్టి, మూత తీయడాన్ని నిషేధించి మంచి పేరు తెచ్చుకున్నారు. తరువాత ఆ పాలను తాగినవాళ్ళు ఏమన్నారో నివేదికల్లో లేదు. పాలకు వర్తించిన సూత్రం పాలకంటే ఎన్నో రెట్లు ఖరీదైన విమానానికి ఇంకా బాగా వర్తించాలని ఆయన నమ్మకం. ఆ నమ్మకంలో కపటం లేదు. ఆ మాట నేను ఎక్కడైనా చెబుతాను.

ఉత్తర్వు తెలుగు చేసే భాగ్యం నాకు దక్కింది. "సంవృత విధానం" అని పేరు పెట్టాను. హేంగర్ గోడకు ఆ బోర్డు తగిలిస్తుంటే మెకానిక్ సన్యాసిరావు నిచ్చెన పట్టుకుని అడిగాడు.

"ఏటి మాస్టారూ ఇది, సంవత్సరీకమా?"

"సంవృతం. అంటే మూసినది."

"మూసిందనే రాసీయొచ్చు కదా?"

"అలా రాస్తే అందరికీ అర్థమైపోతుంది," అన్నాను.

మొదట వచ్చిన నిబంధన చిన్నదే. ఏ మూత తీయాలన్నా ముందుగా అనుమతి కోరాలి. ఆ దరఖాస్తులో, మూత వెనుక ఏ లోపం కనబడబోతున్నదో ముందే తెలపాలి. తెలపని లోపం కనబడితే అది అనుమతి లేని లోపం. దాన్ని ఉన్నచోటనే ఉంచి మూత వేసేయాలి. ఇది సక్రమంగా జరుగుతున్నదో లేదో చూడడానికి అకౌంట్సు నుంచి ఒక పరిశీలకుణ్ణి హేంగర్‌కు పంపారు. ఆయన అంతకుముందు విమానాన్ని దగ్గరగా చూసింది కేలెండర్లో.

ఒకరోజు నాగావళి ఎడమ ఇంజను దగ్గర నూనె మరక కనబడితే దమయంతి గారు నూనె కారడం అనే లోపానికి అనుమతి తెచ్చుకున్నారు. మూత విప్పారు. నూనె చుక్కలు ఉన్నాయి. వాటి పక్కనే మరో గొట్టాన్ని పట్టి ఉంచే క్లిప్పు వదులై ఊగుతోంది.

పరిశీలకుడు వెంటనే చెయ్యి అడ్డం పెట్టాడు. "మేడం, అనుమతి నూనెకు మాత్రమే. క్లిప్పు ప్రస్తావన లేదు."

"నాకు కనబడుతుంది కదండీ."

"కనబడకూడదు."

ఆమె స్క్రూడ్రైవరు తీసి నాలుగు తిప్పులు తిప్పింది. క్లిప్పు బిగిసి నిలబడింది.

"ఇదేమిటి మేడం!"

"చెయ్యి జారిందండి."

"చెయ్యి జారితే వదులవుతుంది గానీ బిగుసుకుంటుందా?"

"నా చెయ్యి అలగే జారతాది," అని ఆమె మూత వేసింది. ఆ పూట ఆమె నవ్వింది గానీ, మూతకు మరలు బిగిస్తున్నప్పుడు ఆమె దవడ కూడా బిగుసుకోవడం నేను చూశాను.

విధానం ఫలించింది. మూతలు తీయడం తగ్గేకొద్దీ లోపాలు తగ్గాయి. ఎం.డి. గారి గదిలో గోడమీద గీసిన గ్రాఫు మెట్లు దిగుతున్నట్టు దిగింది. రాజధాని నుంచి మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది. హేంగర్ ముందు పెద్ద బోర్డు పెట్టించి, "ఈ నెలలో తెరిచిన మూతలు" అని రాయించి, ఎదురుగా సున్నా వేయించారు. ఆ సున్నా ఎన్నటికీ మారకూడదన్న ఉద్దేశంతో దాన్ని సుద్దతో కాక ఆయిల్ పెయింటుతో వేయించారు.

ఉత్సాహం అక్కడ ఆగలేదు. మూత చెడ్డదైనప్పుడు తలుపు ఎలా మంచిదవుతుందని ఎం.డి. గారికి సందేహం వచ్చింది. కుడివైపు సర్వీస్ డోర్ కూడా తెరవరాదన్నారు. మరి భోజనం ఎక్కించేదెలా అంటే, ప్రయాణికులు ఎక్కే తలుపునుంచే, ప్రయాణికుల చేతనే అన్నారు. తిరుపతి విమానం మెట్ల దగ్గర ఎక్కేవాళ్ళకు తలా ఒక పులిహోర పొట్లాల బుట్ట ఇచ్చాం. ముందున్నవారు అందుకుని వెనుకవారికి అందించాలి. ప్రయాణికులు మొదట విస్తుపోయారు గానీ, మూడో వరుసలో ఒక పెద్దావిడ లేచి కొంగు బిగించి, "అటు బాబుకి రాలేదు, ఇటు ఇంకోటి వెయ్యండి," అని వడ్డన చేపట్టాక అంతా సజావుగా జరిగిపోయింది. దిగేటప్పుడు ఒకాయన పెళ్ళికొడుకు ఎవరని అడిగాడట.

నీళ్ళ మూతా, మరుగుదొడ్డి మూతా కూడా మూతపడ్డాయి. విమానంలో చదవడానికి ఒక ప్రకటన కావాలన్నారు. నేను రాసి ఇచ్చాను: "ప్రయాణికులు విమానములోని శౌచాలయమును అలంకారముగా భావించి సహకరింపగలరు." ఎయిర్ హోస్టెస్ దాన్ని చదివేటప్పుడు నవ్వు ఆపుకోలేక ఇంగ్లీషులోకి మారిపోయేది. తెలుగు మీద ఈ తరానికి మమకారం తక్కువ.

అసలు చిక్కు వంశధార దగ్గర వచ్చింది. దాని చక్రాల గూడు పక్కన ఉన్న మూత విప్పి చూడవలసిన గడువు దగ్గరపడింది. బోర్డుమీది సున్నా చెదరకూడదని అనుమతులివ్వడమే ఆపేయడంతో దరఖాస్తు తిరిగి వచ్చింది. దమయంతి గారు వంశధార మీద సంతకం పెట్టలేదు. విమానం నిలిచిపోయింది. ఆ తరువాత నాగావళి అదే తీరున నిలిచిపోయింది. శారదయితే అంతకు చాలా ముందే, విడిభాగం ఒకటి రావలసి ఉండి, షెడ్డు చివర నిలబడి ఉంది. ఆ విడిభాగం వచ్చాక కూడా దాన్ని బిగించడానికి మూత తీయాలి గనక ఎవరూ ముట్టుకోలేదు.

విమానాలు ఆగిపోతే ఎం.డి. గారు కంగారుపడతారనుకున్నాం. ఆయన గ్రాఫు చూశారు. ఎగరని విమానంలో లోపాలు పుట్టలేదు. ఆలస్యాలు లేవు. ప్రయాణికుల ఫిర్యాదులు లేవు. అందరికంటే ముందునుంచీ నిలబడి ఉన్నందువల్ల శారద మిగతా రెంటికంటే మెరుగ్గా తేలింది. దాన్ని ఆదర్శ విమానంగా ప్రకటించి, ముక్కుకు బంతిపూల దండ వేశారు. బడిపిల్లల్ని తీసుకువచ్చి చూపించారు. ఇది ఎప్పుడు ఎగురుతుందని ఒక పిల్ల అడిగితే, "ఆదర్శములు ఎగురవు తల్లీ, నిలుచును," అన్నారు ఎం.డి. గారు. ఆ వాక్యాన్ని గోడమీద రాయించమని నాకు పంపారు.

దమయంతి గారు మాత్రం రోజూ పొద్దున్నే షెడ్డుకు వచ్చి ఆ మూడింటి చుట్టూ ఒకసారి తిరిగేది. శారద పొట్టమీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడేది. "సముద్రం గాలి మాస్టారూ," అంది ఒకసారి నాతో. "ఇలగ నిలబెట్టేస్తే ఉప్పు లోపల్లోపలే తినేస్తాది. పైకి మెరుస్తానే ఉంటాది."

అంతలో జాతీయ శూన్యదోష పురస్కారానికి మా సంస్థ పేరు తుది జాబితాలోకి వెళ్ళిందన్న వార్త వచ్చింది. హైదరాబాదులో సభ. దేశంలో లోపాలు అతి తక్కువగా ఉన్న విమాన సంస్థకు వెండి పళ్ళెం ఇస్తారు. ఎం.డి. గారు మురిసిపోయారు. ఆదర్శ విమానమైన శారదలోనే మన ప్రతినిధివర్గం సభకు వెళ్ళాలనీ, తన భార్య సుభద్ర గారిని కూడా వెంట తీసుకువెళతాననీ ప్రకటించారు. ఆమెకు అదే మొదటి విమాన ప్రయాణం.

శారద ఎగరాలంటే సంతకం కావాలి. దమయంతి గారిని పిలిపించారు. సభకు నన్ను కూడా తీసుకువెళ్ళదలచి ఉపన్యాసం రాయించుకుంటున్నారు గనక నేనూ ఆ గదిలో ఉన్నాను.

"మూతలన్నీ విప్పి చూస్తాను సార్. బాగున్నాయంటే సంతకం పెడతాను," అంది ఆమె.

"మూతలు విప్పినచో పురస్కారమెక్కడిది? దేశంలోకెల్ల దోషరహితమైన విమానంపై సంతకము చేయుటకు మీకు గల అభ్యంతరమేమి?"

"చూడలేదు సార్. అదే అభ్యంతరం."

"సంస్థలో ఆ అర్హత గలవారు మరొకరు ఉన్నారు కదా."

"ఉన్నారు సార్. నడుంనొప్పని ఈ విధానం వచ్చిన వారంలోనే సెలవు పెట్టీసారు."

ఎం.డి. గారి ముఖం ఎర్రబడింది. క్రమశిక్షణా చర్య తీసుకోవలసి వస్తుందనీ, చీఫ్ ఇంజనీరు పదవినుంచి తప్పించి టికెట్ల విభాగానికి పంపగలననీ అన్నారు. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుని విన్నది.

"పంపండి సార్," అంది చివరికి. "నా సంతకమంటే ఏటనుకుంటున్నారు? మా అమ్మాయిని ఆ విమానం ఎక్కించేసి నేనింటికెళ్ళి అన్నం తినగలనా లేదా, అదే నా సంతకం. తినలేను సార్."

బయటికి వచ్చాక కేంటీన్లో టీ గ్లాసు ముందు పెట్టుకుని ఆమె చాలాసేపు తాగలేదు. "టికెట్లు అమ్మడం తప్పేమీ కాదు మాస్టారూ. కానీ ఈ విమానాల కిరసనాయిలు వాసన లేకపోతే నాకు నిద్ర పట్టదు," అంది. నాకు తోచిన ఓదార్పు మాటలన్నీ సంస్కృతంలో ఉన్నాయి. అందుకని ఊరుకున్నాను.

మరునాడు ఉదయం నేను హేంగర్లో ఉన్నాను. "పురస్కారం"లో క-వత్తు పడకుండా బేనరు రాసుకొచ్చారంటే చూడడానికి వెళ్ళాను. దమయంతి గారు తన అలమర ఖాళీ చేసుకుంటోంది. సన్యాసిరావు పక్కన నిలబడి ఆ సామాన్లు తిరిగి అలమరలో పెడుతున్నాడు. అప్పుడు ఎం.డి. గారు వచ్చారు. కారు లేదు, వెంట ఎవరూ లేరు. ఎండలో నడుచుకుంటూ వచ్చి, శారద ముందు నిలబడి, దాని పొట్టకేసి చాలాసేపు చూశారు.

"దమయంతమ్మా," అన్నారు. ఆ గొంతు మాకు కొత్త. "రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ అడిగింది. ఈ విమానం ఆఖరిసారి ఎప్పుడు విప్పి చూశారని. అసలు విప్పలేదు, అందుకే అంత గొప్పదని చెప్పాను."

"ఏమన్నారండి అమ్మగారు?"

"ఏమీ అనలేదమ్మా. చెయ్యి కడుక్కుని, పసుపుగుడ్డలో రూపాయి బిళ్ళ పెట్టి, సింహాచలం అప్పన్నకు ముడుపు కట్టింది. నా ఎదురుగా. ముడి వేస్తూ నా ముఖం వంక కూడా చూడలేదు." ఆయన జేబురుమాలుతో మెడ తుడుచుకున్నారు. "అప్పటినుంచీ నాకు మనసు మనసులో లేదు. ఒకసారి... ఊరికే... ఆ మూత తీసి లోపలికి చూడకూడదా?"

నేనైతే ఆ క్షణంలో ఏదో ఒకటి అనేవాణ్ణి. ఆమె అనలేదు. అలమర తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"తీద్దాం సార్. ఒక్కటి కాదు, అన్నీ. కానీ తీసిందీ, కనబడిందీ అంతా రాస్తాం."

"రాయకుండా కుదరదా?"

"రాయకుండా తియ్యను సార్."

"రాస్తే పురస్కారం పోతుంది."

"పోతాది."

"రాయకపోతే?"

"రేపు ఈ విమానం పట్టుకునే ఇంకో ఇంజనీరు, చూసీసారనుకుని చూడడు. మరి నా సంతకమేటి, ఇంకెవడి సంతకమేటి?"

ఎం.డి. గారు బయటి బోర్డు వైపు చూశారు. ఆయిల్ పెయింటు సున్నా ఎండలో మెరుస్తోంది. ఆయన నెమ్మదిగా పక్కనున్న పనిముట్ల పెట్టెమీద కూర్చున్నారు. తాను జీవితంలో ఎన్నో సన్మానాలు చూశాననీ, కానీ వెండి పళ్ళెం ఇంతవరకూ రాలేదనీ ఎవరితోనో చెబుతున్నట్టు చెప్పుకున్నారు. కాసేపటికి లేచి కోటు విప్పి నా చేతికిచ్చారు.

"ముందు ఆ పొట్ట కింద మూత తియ్యండి," అన్నారు.

సన్యాసిరావు మరలు విప్పాడు. ఆఖరి మర ఊడేసరికి, లోపలేముందో తానే ముందు చూడాలన్న ఆత్రంతో ఎం.డి. గారు తల దగ్గరగా పెట్టారు. మూత కిందికి వాలింది. లోపలినుంచి కందిరీగల దండు జుమ్మని బయటికి వచ్చింది.

నలుగురం నాలుగు దిక్కులకు పరుగెత్తాం. ఎం.డి. గారిని చెవిమీద, బుగ్గమీద, బట్టతల మధ్యలో కుట్టాయి. సన్యాసిరావు ఆయన్ను నీళ్ళ పంపు దగ్గరికి లాక్కుపోయి తలమీద నీళ్ళు కుమ్మరించాడు. తడిసి ముద్దయి, ఒక కన్ను సగం మూసుకుపోయి, ఎం.డి. గారు వేలు పైకెత్తారు.

"చూశారా? నేను మొదటినుంచీ మొత్తుకుంటున్నది ఇదే. తెరిస్తేనే వస్తాయి!"

దమయంతి గారు తల పక్కకు తిప్పుకుంది. ఆమె భుజాలు కదులుతున్నాయి. ముందు నవ్వింది ఎవరో నాకు తెలియదు. నలుగురం నవ్వాం. ఎం.డి. గారు కూడా, వాచిన బుగ్గ పట్టుకుని, అబ్బా అంటూ నవ్వారు. నవ్వు తగ్గాక ఆయనే అన్నారు.

"మూసి ఉంచితే ఇవి లోపలే కాపురం చేసేవి కదమ్మా."

"చేస్తనే ఉన్నాయి కద్సార్, ఇన్నాళ్ళూ."

"మనం పైన కూర్చుని పులిహోర తినేవాళ్ళం," అని ఆయన మిగతా మూతలకేసి చూసి, "అన్నీ తియ్యండి," అన్నారు.

అన్నీ తీశారు. కందిరీగలు నీళ్ళు బయటికి పోయే గొట్టాలను మట్టితో పూడ్చేశాయి. పూడిన చోట నీరు నిలిచి ఉంది. తీగల కొసలకు పచ్చగా చిలుము పట్టింది. తోకవైపు ఎలుక ఒకటి తీగమీది రబ్బరు తొడుగు శ్రద్ధగా కొరుక్కుని తిన్నది. దమయంతి గారు టార్చి వేసి ఒక్కొక్కటీ చూపిస్తుంటే ఎం.డి. గారు మోకాళ్ళమీద కూర్చుని, మెడ వంచి, ఇదేమిటి, ఇది ఎక్కడికి పోతుంది, ఇది ఊడితే ఏమవుతుంది అని అడుగుతూనే ఉన్నారు. జవాబులు విన్నకొద్దీ ఆయన ముఖం పాలిపోయింది. తరువాత తరువాత ముచ్చట పుట్టినట్టుంది. మధ్యాహ్నానికి చొక్కా నిండా గ్రీజు పూసుకుని, చేత్తో రేకు తడుముతూ, "ఇది కూడా తీద్దామా?" అన్నారు.

"అది మూత కాదు బాబూ, రెక్క," అన్నాడు సన్యాసిరావు. "అది మరి ఒగ్గియ్యండి."

మరమ్మతులకు చాలా రోజులు పట్టింది. ఇంట్లో నడుంనొప్పితో ఉన్న రెండో ఇంజనీరుకు కబురు వెళ్ళగానే నొప్పి తగ్గిపోయి ఆయనా వచ్చి చెయ్యి వేశాడు. రాసినదంతా ఎం.డి. గారు చదివి, తానే కవరులో పెట్టి పురస్కార సంఘానికి పంపించారు. పోస్టు పెట్టె దగ్గర ఆ కవరు కొంచెంసేపు చేతిలో పట్టుకుని నిలబడ్డారని డ్రైవరు చెప్పాడు. బోర్డుమీది సున్నా గీకినా పోలేదు. చివరికి దాని ముందు అంకెలు వేసుకోవలసి వచ్చింది. పరిశీలకుడు అకౌంట్సుకు తిరిగి వెళ్ళాడు. కుడివైపు సర్వీస్ డోర్ తెరుచుకుని, పులిహోర మళ్ళీ తన దారిన లోపలికి వెళ్ళసాగింది.

సభకు శారదలోనే వెళ్ళాం. దమయంతి గారు సంతకం పెట్టి, తానే ముందు ఎక్కి, వెనుక వరుసలో కూర్చుంది. పళ్ళెం రాదని తెలిసినా, ఆహ్వానించారు గనక వెళ్ళడం మర్యాద అని ఎం.డి. గారు అన్నారు. సుభద్ర గారు గోదావరి వచ్చేదాకా కళ్ళు తెరవలేదు. తెరిచాక మూయలేదు.

హైదరాబాదు సభలో మంచి జనం. వేదికమీద ఒక పెద్దమనిషి కవరు విప్పి ప్రకటించాడు. ఈ ఏటి శూన్యదోష పురస్కారం నభోవాహిని అనే సంస్థకు వచ్చింది. ఆ పేరు మేమెవరం వినలేదు. ఆయన ప్రశంసాపత్రం చదివాడు.

"ప్రారంభమైన నాటినుండి నేటి వరకు ఈ సంస్థ విమానములలో ఒక్క దోషమైనను నమోదు కాలేదు. ఒక్క మూతయైనను తెరువబడలేదు. ఒక్క ప్రయాణికుడైనను ఫిర్యాదు చేయలేదు. ఇట్టి ఘనత దేశచరిత్రలో అపూర్వము."

హాలు మారుమ్రోగింది. సూటు వేసుకున్న ఒక యువకుడు వేదిక ఎక్కి వెండి పళ్ళెం అందుకున్నాడు. ఎం.డి. గారు కూడా గట్టిగానే చప్పట్లు కొట్టి, పక్కనున్న దమయంతి గారి వైపు వంగారు.

"ఏమమ్మా, వీళ్ళవి ఎన్ని విమానాలు?"

"ఇంకా రాలేదు సార్. ఆఫీసొక్కటే తెరిచారట. విమానాలు వచ్చే ఉగాదికి వస్తాయట."

ఎం.డి. గారు చప్పట్లు ఆపారు. వేదికమీద పళ్ళెం ఎత్తి చూపిస్తున్న ఆ కుర్రవాడి ముఖాన్ని కాసేపు చూశారు.

"పాపం," అన్నారు.